ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ దాకా: కృష్ణా డెల్టా వరి కణంలో

ప్రకాశం బరాజ్ నుంచి కాలువలకు నీళ్లు వదిలారన్న కబురు అందితే కృష్ణా డెల్టాలో సార్వా పనులు మొదలవుతాయి. రైతు విత్తనాలను ఒక రోజు నానబోసి, నీళ్లు వంచేసి, తడి గోనె కప్పి మరో రోజు మండె కడతాడు. గోనె తీసేసరికి గింజ ముక్కు పగిలి తెల్లగా మొలక కనిపిస్తుంది. ఆ తొలి గంటల్లో గింజ ఆధారపడేది పాత నిల్వ మీద. కిందటి పంటలో గట్టిపడుతున్నప్పుడే దాని పిండంలోని కణాలు వేల రకాల ఆర్ఎన్ఏ నకళ్లు రాసి దాచుకున్నాయి. నెలల తరబడి ఎండు గింజలో ఉన్నా అవి చెడవు. తడి తగలగానే కణం వాటిని చదివి ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది. పరిశోధకులు దీన్ని తేలికైన పద్ధతిలో రుజువు చేశారు. కొత్త ఆర్ఎన్ఏ తయారీని ఆపే మందు కలిపిన నీటిలో నానబెట్టినా గింజ ముక్కు పగిలింది. ప్రోటీన్ తయారీని ఆపే మందు కలిపినప్పుడు మాత్రం మొలక రాలేదు.

జన్యువులోని సమాచారం ప్రోటీన్‌గా మారే దారిలో ఆర్ఎన్ఏ చేసే పనిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా వరి నుంచే, అందులోనూ ఈ డెల్టాలో పుట్టి పెరిగిన రకాల నుంచే తీసుకున్నాం. ఈ దారిలో దాదాపు ప్రతి మజిలీకీ వరి మీద జరిగిన పరిశోధనలో తేలిన నిదర్శనం ఒకటి ఉండటమే అందుకు కారణం.

అసలు, నకలు

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు ఏ వరుసలో కూర్చితే ఆ వరుసను బట్టి గొలుసు ముడుచుకుని ఒక ఆకారం తెచ్చుకుంటుంది. ఆ ఆకారమే దాని పనిని నిర్ణయిస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్, పిండిని చక్కెరగా విడగొట్టే అమైలేజ్, వరి గింజలో నిల్వ ఉండే గ్లూటెలిన్ అన్నీ ప్రోటీన్లే. అమైనో ఆమ్లాల వరుస డీఎన్ఏలో రాసి ఉంటుంది. మొక్కల్లోనూ జంతువుల్లోనూ డీఎన్ఏలో చాలా భాగం కేంద్రకం దాటి బయటకు రాదు. ప్రోటీన్ తయారయ్యేదేమో బయట, కణద్రవ్యంలో. రిజిస్ట్రారు ఆఫీసులో అసలు దస్తావేజు కదలదు, మనకు కావలసిన పత్రానికి నకలు తీసుకుంటాం. కణంలో ఆ నకలు మెసెంజర్ ఆర్ఎన్ఏ. దీన్నే ఎంఆర్ఎన్ఏ అంటారు. ఇలాంటి దూత అణువు ఉందని 1961లో రెండు పరిశోధక బృందాలు ప్రయోగాలతో చూపించాయి.

ఆర్ఎన్ఏ కూడా డీఎన్ఏ లాగే నాలుగు అక్షరాలతో రాసినది. అడెనిన్, గ్వానిన్, సైటోసిన్ రెండింటిలోనూ ఉంటాయి. డీఎన్ఏలో థైమిన్ ఉన్న చోట ఆర్ఎన్ఏలో యురాసిల్ ఉంటుంది. డీఎన్ఏ జంట పోగు, ఆర్ఎన్ఏ సాధారణంగా ఒంటి పోగు. ఒంటి పోగు కావడం వల్ల అది తన మీదకు తానే ముడుచుకుని ప్రోటీన్ లాగా ఆకారం తెచ్చుకోగలదు, పనీ చేయగలదు. నకలుగా ఉండే ఎంఆర్ఎన్ఏతో పాటు అమైనో ఆమ్లాలను మోసే టీఆర్ఎన్ఏ, రైబోసోమ్‌లో ప్రధాన భాగమైన ఆర్ఆర్ఎన్ఏ ఉన్నది ఇందుకే.

నకలు ఎప్పుడు రాయాలి

జన్యువు నుంచి ఆర్ఎన్ఏ రాయడాన్ని అనులేఖనం అంటారు. రాసేది ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్. ప్రతి జన్యువుకూ ముందు ప్రమోటర్ అనే భాగం ఉంటుంది. సహాయక ప్రోటీన్లు అక్కడ చేరితేనే పాలిమరేజ్ పని మొదలుపెడుతుంది. వరి కణాలన్నిటిలో ఉన్నది ఒకే డీఎన్ఏ అయినా వేరులో ఒక రకం, గింజలో మరో రకం ప్రోటీన్లు తయారవడానికి ముఖ్య కారణం ఈ ప్రమోటర్ల దగ్గర జరిగే నిర్ణయాలు.

మండెలో ఉన్న గింజనే చూడండి. పాత నకళ్లతో పని మొదలుపెట్టిన పిండం కాసేపటికి జిబ్బరెలిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. అది తవుడు వైపున్న జీవకణాల పొరకు చేరుతుంది. అక్కడి కణాలు అమైలేజ్ జన్యువుకు కొత్తగా నకళ్లు రాయడం మొదలుపెడతాయి. ఆ అమైలేజ్ గింజలోని పిండిని కరిగించి మొలకకు తిండి పెడుతుంది. పాత ఆర్ఎన్ఏతో కన్ను తెరిచిన గింజ కొత్త ఆర్ఎన్ఏతో ఎదుగుతుంది.

ప్రమోటర్ దగ్గర జరిగే పోరాటానికి డెల్టాలో ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204ను రైతులు సాంబ మసూరి అంటారు. సన్నటి గింజ, తినడానికి రుచి, బజారులో మంచి ధర. దానికి ఒక బలహీనత ఉంది, బాక్టీరియా ఎండాకు తెగులు. ఆకు అంచుల నుంచి పసుపు పచ్చగా మొదలై ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. దీనికి కారణం జాంథోమోనాస్ అనే బాక్టీరియా.

ఆ బాక్టీరియా చేసే పని అనులేఖనాన్ని దొంగిలించడం. అది తన ప్రోటీన్లను సూదితో పొడిచినట్టు వరి కణంలోకి ఎక్కిస్తుంది. అవి కేంద్రకంలోకి వెళ్లి, వరి డీఎన్ఏ మీద ఒక ప్రత్యేకమైన జన్యువు ప్రమోటర్‌ను వెతికి పట్టుకుని, వరి సొంత పాలిమరేజ్ చేతనే నకళ్లు రాయిస్తాయి. ఆ జన్యువు పేరు స్వీట్-11. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్ కణం లోపలి చక్కెరను బయటకు పంపే ద్వారం. మొక్క తన చేత్తో తానే తలుపు తీసి బాక్టీరియాకు చక్కెర వడ్డిస్తుంది.

తెగులును తట్టుకునే వరి రకాల్లో ప్రకృతి ఈ దొంగతనాన్ని రెండు చోట్ల అడ్డుకుంది. ఎక్స్ఏ-13 అనే జన్యు రూపంలో స్వీట్-11 ప్రమోటర్ అక్షరాలు మారిపోయి ఉంటాయి. బాక్టీరియా ప్రోటీన్ వాటిని గుర్తుపట్టలేదు, కాబట్టి నకలు రాయించలేదు. ఎక్స్ఏ-5 అయితే పాలిమరేజ్‌కు తోడ్పడే ఒక సహాయక ప్రోటీన్‌కు మారు రూపం. అందులో 39వ అమైనో ఆమ్లం వేలిన్ బదులు గ్లూటామిక్ ఆమ్లం. ఆ ఒక్క మార్పుతో బాక్టీరియా ప్రోటీన్‌కు అది సరిగా పట్టు ఇవ్వదు, మొక్క సొంత పనులకు మాత్రం సరిపోతుంది. మూడోది ఎక్స్ఏ-21. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఈ జన్యువు కణం పైన కాపలా ఉండి బాక్టీరియాను పసిగట్టే ప్రోటీన్‌ను ఇస్తుంది.

హైదరాబాదులోని సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ (ఇప్పుడు భారతీయ వరి పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఈ మూడింటినీ సాంబ మసూరిలోకి తెచ్చారు. జన్యుమార్పిడి చేయలేదు. మామూలు సంకరణమే చేసి, ప్రతి తరంలోనూ డీఎన్ఏ గుర్తుల సాయంతో కావలసిన మొక్కలను ఏరి, మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతూ పోయారు. 2008లో ఆ రకం మెరుగైన సాంబ మసూరి పేరుతో విడుదలైంది. గింజ సాంబ మసూరిదే, అన్నం సాంబ మసూరిదే. మూడు జన్యువుల్లో రెండు నేరుగా ఆర్ఎన్ఏ రాసే చోట పనిచేస్తాయి. మన తెలుగు శాస్త్ర ప్రచురణల్లో ఈ సంగతికి దక్కాల్సినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

కత్తిరించి అతకడం

కేంద్రకంలో రాసిన తొలి నకలు అలాగే బయటకు పోదు. దాని మధ్యలో ప్రోటీన్‌కు అక్కరలేని ముక్కలు ఉంటాయి. వాటి పేరు ఇంట్రాన్లు. కణం వాటిని కత్తిరించి పారేసి మిగిలిన ముక్కలను వరుస తప్పకుండా అతుకుతుంది. నకలు మొదట్లో ఒక టోపీ, చివర్లో అడెనిన్ల తోక తగిలిస్తుంది. జన్యువులు ఇలా ముక్కలు ముక్కలుగా ఉంటాయని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు కనుగొన్నాయి. 1993లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కత్తిరింపు ఎంత ముఖ్యమో తెలుసుకోవడానికి కంచంలోకి చూస్తే చాలు. మన అన్నం పొడిపొడిగా విడివిడి మెతుకులుగా ఉంటుంది. జపాన్ అన్నం పుల్లలతో ఎత్తుకోగలిగేంత అంటుకుంటుంది. ఈ తేడాకు ప్రధాన కారణం పిండిలోని అమైలోస్ శాతం. అమైలోస్ ఎక్కువైతే మెతుకు విడుతుంది, తక్కువైతే జిగురు వస్తుంది. అమైలోస్‌ను తయారు చేసే ఎంజైమ్‌కు జన్యువు పేరు వాక్సీ. మన దగ్గరి పొడి అన్నపు రకాల్లో సాధారణంగా ఆ జన్యువు మొదటి ఇంట్రాన్ ఆరంభంలో కత్తెర పడాల్సిన చోట గ్వానిన్ ఉంటుంది. జపాన్ రకాల్లో అక్కడే థైమిన్ ఉంటుంది. ఒక్క అక్షరం మారడంతో కత్తెరకు గుర్తు సరిగా దొరకదు. కణం నకళ్లు రాస్తూనే ఉంటుంది గానీ అందులో చాలా వాటిలో ఇంట్రాన్ అలాగే ఉండిపోతుంది. సరిగా అతికిన ఎంఆర్ఎన్ఏ తగ్గి, ఎంజైమ్ దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అన్నం అంటుకుంటుంది. గింజ కట్టే రోజుల్లో చలి ఉంటే ఈ రకాల్లో కత్తిరింపు కాస్త మెరుగుపడి అమైలోస్ పెరుగుతుంది కూడా. పూర్తిగా జిగురుగా ఉండే బియ్యంలో ఎక్కువగా కనిపించేది వేరే లోపం. జన్యువులో 23 అక్షరాలు రెండోసారి చేరి, చదివే వరుస చెదిరి, సగంలోనే ‘ఆపు’ అనే గుర్తు వస్తుంది.

ఇలాంటి కత్తిరింపు లోపం మనిషిలో వస్తే ఫలితం రుచితో ఆగదు. భారతదేశంలో బీటా థలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యే మార్పు హీమోగ్లోబిన్ జన్యువు మొదటి ఇంట్రాన్‌లో ఐదో అక్షరం దగ్గర ఉంది. అక్కడ గ్వానిన్ బదులు సైటోసిన్ వస్తుంది. కత్తిరింపు తప్పిపోయి బీటా గ్లోబిన్ తగినంత తయారు కాదు. రెండు ప్రతులూ చెడిన పిల్లలు నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ బతకాలి.

చదవడం

అతుకులు పూర్తయిన ఎంఆర్ఎన్ఏ కేంద్రకం రంధ్రాల గుండా బయటకు వచ్చి రైబోసోమ్‌ను చేరుతుంది. ఇక్కడి పనిని అనువాదం అంటారు. పేరు తగినదే. నాలుగక్షరాల భాషలో ఉన్నది ఇరవై అక్షరాల భాషలోకి మారుతుంది.

మూడు అక్షరాలు కలిస్తే ఒక కోడాన్. మొత్తం 64 కోడాన్లలో 61 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మూడు ‘ఆపు’ అని చెబుతాయి. ఏయూజీ అనే కోడాన్‌తో చదవడం మొదలవుతుంది, అది మిథియోనిన్‌ను సూచిస్తుంది. ఈ సంకేతాన్ని విప్పడంలో తొలి అడుగు 1961లో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మథాయ్‌లది. వట్టి యురాసిల్ గొలుసు ఇస్తే వట్టి ఫినైల్‌అలనిన్ గొలుసు వచ్చింది. తర్వాత పంజాబులో పుట్టిన హరగోవింద్ ఖొరానా తెలిసిన వరుసలో ఆర్ఎన్ఏలు తయారు చేసి మిగిలిన కోడాన్ల అర్థాలు తేల్చడంలో కీలకపాత్ర పోషించాడు. 1968 నోబెల్‌ను నిరెన్‌బర్గ్, ఖొరానాలతో పాటు టీఆర్ఎన్ఏ అక్షర క్రమాన్ని చదివిన రాబర్ట్ హాలీ పంచుకున్నాడు.

ఒక్క కోడాన్ బరువెంతో చూడాలంటే రెండు మార్పులు పక్కపక్కన పెట్టాలి. ఎక్స్ఏ-5లో వేలిన్ కోడాన్ జీయూసీ కాస్తా గ్లూటామిక్ ఆమ్లపు జీఏజీ అయింది, పైరు తెగులు నుంచి బయటపడింది. మన మన్యం ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధిలో సరిగ్గా దీనికి ఎదురు మార్పు. బీటా గ్లోబిన్‌లో ఆరో చోట ఉన్న గ్లూటామిక్ ఆమ్లపు జీఏజీ వేలిన్‌ను సూచించే జీయూజీ అయింది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది.

కోడాన్‌ను గుర్తుపట్టి తగిన అమైనో ఆమ్లాన్ని తెచ్చేది టీఆర్ఎన్ఏ. దాదాపు 76 అక్షరాల చిన్న అణువు ఇది. దాని ఒక కొసన కోడాన్‌కు జోడీ కుదిరే మూడక్షరాలు, రెండో కొసన అమైనో ఆమ్లం. ఏ టీఆర్ఎన్ఏకు ఏ అమైనో ఆమ్లం తగిలించాలో చూసే ఎంజైమ్‌లు వేరే ఉన్నాయి. జన్యు సంకేతపు నిఘంటువు నిజానికి వీటి చేతుల్లో ఉంది, ఇవి పొరపడితే రైబోసోమ్‌కు తెలియదు.

రైబోసోమ్‌కు రెండు భాగాలు. చిన్న భాగం కోడాన్‌ను చదువుతుంది, పెద్ద భాగం గొలుసు కలుపుతుంది. గొలుసు కలిపేది అందులోని ప్రోటీన్లు కావు, ఆర్ఆర్ఎన్ఏయే. 2000లో రైబోసోమ్ నిర్మాణం అణువుల స్థాయిలో తెలిసినప్పుడు ఈ సంగతి స్థిరపడింది. చిదంబరంలో పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్స్, ఆడా యోనత్ ఇందుకే 2009 నోబెల్ అందుకున్నారు. బాక్టీరియాలో రైబోసోమ్ సెకనుకు పదిహేను, ఇరవై అమైనో ఆమ్లాలు కలుపుతుంది. మొక్కలు, జంతువుల్లో వేగం అంతకంటే తక్కువ.

ఈ పనికి శక్తి చాలా కావాలి. ఒక్క అమైనో ఆమ్లాన్ని గొలుసుకు చేర్చడానికి కణం కనీసం నాలుగు అధిక శక్తి ఫాస్ఫేట్ బంధాలను ఖర్చు పెడుతుంది. అందులో రెండు ఏటీపీవి. ఆ ఏటీపీని 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది కనుగొన్నాడు. ఏటీపీ శక్తి నాణెమే కాదు, ఆర్ఎన్ఏలో అడెనిన్ అక్షరం వచ్చేదీ దాని నుంచే.

వరి పాలు పోసుకునే దశలో గింజలో ఈ యంత్రాంగం పూర్తి వేగంతో నడుస్తుంది. నిల్వ ప్రోటీన్లైన గ్లూటెలిన్, ప్రోలమిన్ అప్పుడే తయారవుతాయి. గ్లూటెలిన్ ఎంఆర్ఎన్ఏ కణంలో ఒక చోటికి, ప్రోలమిన్ ఎంఆర్ఎన్ఏ మరో చోటికి చేరతాయి. సరుకు తయారయ్యాక పంపడం బదులు నకలునే సరైన గోదాముకు పంపి అక్కడే సరుకు చేయించడం అన్నమాట. ఎంఆర్ఎన్ఏకు చిరునామా కూడా ఉంటుందని తేల్చిన పరిశోధనల్లో వరి గింజది ముఖ్యమైన స్థానం.

ఆపడం

ఎండాకు తెగులు కనిపిస్తే రైతులు చాలా కాలం స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడిని పైరు మీద చల్లారు. ఆ రెండూ బాక్టీరియా రైబోసోమ్ చిన్న భాగాన్ని పట్టుకునేవే. టెట్రాసైక్లిన్ అయితే టీఆర్ఎన్ఏ వచ్చి కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. కణద్రవ్యంలోని మన రైబోసోముల నిర్మాణం వేరు కాబట్టి మనకు అంతగా హాని చేయదు. ఈ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. సుబ్బారావు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ దాన్ని కనుగొన్నాడు. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. మనుషుల ప్రాణాలు కాపాడే మందులను పొలాల్లో చల్లితే వాటికి లొంగని బాక్టీరియా పుట్టుకొస్తుంది. అందుకే ఈ మిశ్రమాన్ని పంటల మీద నిషేధించే ముసాయిదాను కేంద్రం 2021 డిసెంబరులో తెచ్చింది. తెగులును తట్టుకునే విత్తనం ఉండగా రైబోసోమ్ మందులు పైరుకు వాడటం తప్పే.

ఆముదం గింజలోని రిసిన్ విషం ఇంకా కరుకు. అది మన రైబోసోమ్‌లోని పెద్ద ఆర్ఆర్ఎన్ఏ నుంచి ఒకే ఒక్క అడెనిన్‌ను తీసేస్తుంది, రైబోసోమ్ అంతటితో ఆగిపోతుంది. రిసిన్ నీటిలో కరిగే ప్రోటీన్, నూనెలోకి రాదు, వేడికి చెడుతుంది. వంటింటి ఆముదంలో అది ఉండకపోవడానికి కారణమిదే.

మునక

తుపాను వానలకు చేలు మునిగితే మామూలు వరి నీటి పైకి రావాలని సాగుతుంది, ఉన్న చక్కెరంతా ఖర్చు చేసుకుని నీళ్లు తీసేసరికి వాలిపోతుంది. ఒడిశా పాత రకం నుంచి వచ్చిన సబ్-1ఏ జన్యువు ఉంటే కథ మారుతుంది. మునిగిన మొక్కలో ఎథిలీన్ వాయువు పేరుకోగానే ఈ జన్యువు నకళ్లు పెరుగుతాయి. దాని ప్రోటీన్ మరికొన్ని జన్యువుల అనులేఖనాన్ని అదుపు చేసి ఎదుగుదలను ఆపుతుంది. మొక్క రెండు వారాల దాకా ఓపిక పడుతుంది. మార్టేరులో రూపొందిన స్వర్ణలో (ఎంటీయూ 7029) ఈ జన్యువును చేర్చిన స్వర్ణ-సబ్1 2009లో విడుదలైంది.

చేతిలో చదివించుకున్న నకలు

2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో రాష్ట్రంలో కోవిడ్ టీకాల కార్యక్రమం మొదలైంది. ఆ రోజుల్లో చాలామంది వేయించుకున్న కోవిషీల్డ్‌లో ఉన్నది వైరస్ ముల్లు ప్రోటీన్‌కు సంబంధించిన డీఎన్ఏ. భుజం కండలోని కణాలు దానికి ఎంఆర్ఎన్ఏ నకలు రాసి, రైబోసోములతో ముల్లు ప్రోటీన్‌ను తయారు చేశాయి. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్‌లో నిర్వీర్యం చేసిన వైరస్ ఉంది, కోర్బెవాక్స్‌లో ఈస్ట్ కణాలు తయారు చేసిన ప్రోటీన్ ముక్క ఉంది. డీఎన్ఏ మజిలీని దాటవేసి నకలునే ఇచ్చే ఎంఆర్ఎన్ఏ టీకాలకు దారి వేసిన కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023 నోబెల్ దక్కింది.

మన ఇంటర్మీడియట్ తరగతుల్లో జన్యువుల అదుపు గురించిన పాఠం పేగుల్లో ఉండే ఒక బాక్టీరియాతో, అది పాలచక్కెరను వాడుకునే తీరుతో చెబుతారు. అది చెప్పాల్సిందే. దాంతో పాటు బాపట్లలో పుట్టిన వరితోనూ చెప్పమని విజయవాడ కళాశాలల అధ్యాపకులకు నా విన్నపం. కోసిన సాంబ మసూరి గింజ మీద ఒక అయోడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం వస్తుంది. జిగురు బియ్యపు గింజ మీద వేస్తే ఎర్రటి గోధుమ రంగు వస్తుంది. వాక్సీ జన్యువు నకలును కణం చివరిదాకా చదివిందా, సగంలో ఆగిందా అన్నది పిల్లలు తమ కళ్లతో చూడవచ్చు.